గుట్టు ఖరీదు

వరినాట్ల కాలంలో ఊళ్ళో ఆడవాళ్ళు ముఠా కడతారు. పది మందో పన్నెండు మందో కలిసి ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుని, తెల్లవారకముందే సద్దిమూటలతో ఆటో ఎక్కుతారు. ఒకరోజు ఆ ముఠాలో ఒక మనిషి తగ్గుతుంది. ఏమైందే అంటే, జొరమంట అని ఎవరో అంటారు. అది ఏం జొరమో ఆటోలో అందరికీ తెలుసు. రాత్రి ఆ ఇంట్లోంచి వచ్చిన కేకలు నాలుగిళ్ళ అవతలికి వినపడ్డాయి. అయినా ఎవరూ నోరెత్తరు. పన్నెండు మంది లెక్కన ఒప్పుకున్న పొలం పదకొండు మందితో పొద్దుగూకినా తెమలదు. ఒక మడి మిగిలిపోతుంది. మర్నాడు ఆ మడి పూర్తిచేసి వెళ్ళేసరికి, ముందే మాట్లాడుకున్న ఇంకో రైతు ఎదురుచూసి ఎదురుచూసి వేరే ముఠాను దింపేసి ఉంటాడు.

ఆమె మూడో రోజు బయటికొస్తుంది. ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షను చేసి నొప్పి బిళ్ళలు ఇస్తాడు. బోరింగు దగ్గర జారిపడ్డానని ఆమె చెబుతుంది, ఆయన నమ్మినట్టు తలూపుతాడు. ఆ డబ్బులు వదినె దగ్గర చేబదులు. వారం తిరిగేసరికి పొదుపు సంఘం కిస్తీ వచ్చి కూర్చుంటుంది. ఆమె కట్టలేకపోతే మిగతా వాళ్ళు తలా కొంత వేసి కడతారు. సంఘం పేరు బ్యాంకులో చెడితే రేపు ఎవరికీ అప్పు పుట్టదు మరి. ఈ నాలుగు రోజులూ ఆరో తరగతి చదివే ఆమె కూతురు బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుంది, పొయ్యి వెలిగించింది.

చెయ్యి చేసుకున్నది ఒక్క మనిషి. దాని బాకీ తీర్చినవాళ్ళను లెక్కపెట్టండి. ముఠాలోని పదకొండు మంది, నాటు వెనకబడిన రైతు, చేబదులిచ్చిన వదినె, సంఘం సభ్యులు, బడికి పోని పిల్ల. వీళ్ళలో ఎవరూ ఆ పద్దును ఎక్కడా రాసుకోలేదు.

సంసారం గుట్టు, రోగం రట్టు అని మన సామెత. ఇంటి సంగతి దాచుకో, రోగమైతే పదిమందికీ చెప్పుకో, మందు దొరుకుతుంది అని దాని అర్థం. మరి సంసారమే రోగమైన ఇంట్లో ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పదు. ఇంకో సామెత ఉంది. మొగుడు కొట్టినందుకు కాదట, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. దాన్ని చిన్నప్పటి నుంచీ నవ్వుతూ చెప్పుకుంటూ వచ్చాం. ఎప్పుడైనా ఆగి విన్నామా? దెబ్బను పక్కన పెట్టేసి పరువును మాత్రం పద్దులో రాసుకునే లెక్క అది.

మా చిన్నప్పుడు మా వీధిలో ఒక అత్తయ్య మండువేసవిలో కూడా ముంజేతుల దాకా ఉండే జాకెట్లే తొడిగేది. ఆ ఇంట్లో గొడవ మొదలైన రాత్రుళ్ళు మా అమ్మ రేడియో గొంతు పెంచేది. మేం పిల్లలం వినకూడదని. వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళూ అంతే చేశారని పెద్దయ్యాక తెలిసింది. ఆ అత్తయ్య బట్టలు కుట్టడంలో మంచి పనిమంతురాలు. కొన్నాళ్ళకు చెయ్యి సరిగ్గా వంగక మిషను అమ్మేసింది. మా వీధి ఆడపిల్లలం ఆ తర్వాత లంగా ఓణీలు కుట్టించుకోవడానికి బజారుకు వెళ్ళాల్సి వచ్చింది, రెట్టింపు కూలి ఇచ్చి. అప్పుడు మాకు అది ఒక అసౌకర్యం మాత్రమే. ఇప్పుడు ఈ కథనం రాస్తుంటే, ఆమె చేతికి తగిలిన దెబ్బకు మా వీధంతా ఏళ్ళ తరబడి కప్పం కట్టిందని అర్థమవుతోంది.

ఏడు రోజుల కూలి

గృహహింస గురించి మాట్లాడేటప్పుడు మనం కన్నీళ్ళ గురించి మాట్లాడతాం, పోలీసు కేసుల గురించి మాట్లాడతాం. డబ్బు సంగతి ఎత్తితే అదేదో చిన్నతనమన్నట్టు చూస్తారు. బాధకు వెల కట్టడమేమిటని అడిగేవాళ్ళ మనసు నాకు తెలుసు. కానీ వెల కట్టకపోవడం వల్ల ఒక పని జరిగింది. ఇది ఇద్దరి మధ్య గొడవ అనీ, బయటివాళ్ళకు సంబంధం లేదనీ చెప్పుకోవడం సులువైపోయింది. బయటివాళ్ళు తమకు తెలియకుండానే ఆ బిల్లు కడుతున్నారని చూపించడానికే ఈ లెక్క.

మొదట ఎంతమంది అన్నది చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21 మధ్య జరిగింది. పెళ్ళయిన 18-49 ఏళ్ళ మహిళల్లో భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైనవాళ్ళు దేశం మొత్తమ్మీద 29.3 శాతం. తెలంగాణలో 36.9, ఆంధ్రప్రదేశ్‌లో 30. పక్కనున్న కర్ణాటకలో 44.4 శాతం. కేరళలో 9.9. అంతకుముందు విడతలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ సంఖ్య 43 దరిదాపుల్లో ఉండేది, అంటే తగ్గింది. తగ్గినందుకు సంతోషించాల్సిందే. అయినా తెలంగాణలో ప్రతి మూడిళ్ళలో ఒక ఇంటికి పైనే ఈ సంగతి నడిచిందని మర్చిపోకూడదు. ఇది కూడా, ఇంటికొచ్చిన ముక్కూమొహం తెలియని సర్వే మనిషికి నోరు తెరిచి చెప్పినవాళ్ళ లెక్క మాత్రమే.

ఒక్కో ఘటనకు ఎన్ని పనిదినాలు పోతాయి? మహిళలపై పరిశోధనలు చేసే అంతర్జాతీయ కేంద్రం ఒకటి మన దేశంలో పలుచోట్ల ఇంటింటి సర్వే జరిపి 2000లో నివేదిక ఇచ్చింది. ఒక్కో హింసాత్మక ఘటన తర్వాత మహిళ సగటున ఏడు రోజులు పనికి పోలేకపోతోందని అందులో తేలింది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఏడు రోజులకు 2,149. నెలకు ఒక్కసారి ఇలా జరిగే ఇంట్లో ఏడాదికి పాతికవేలు దాటిపోతుంది. ఒక పేద ఇంట్లో పాతికవేలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆడపిల్ల ఇంటర్ ఫీజు అది. పాడిపశువు కొనుక్కోవడానికి బయానా అది.

కూలి పోవడం పైకి కనిపించే ముక్క. కనిపించనివి ఇంకా ఉన్నాయి. దెబ్బలు తిన్న తల్లులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువనీ, కుంగుబాటు దాదాపు రెట్టింపనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఖర్చు ఎవరి మీద పడుతుంది? జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశువుల వార్డు మీద, అంగన్‌వాడీ మీద, బడి మీద. అంటే పన్ను కట్టే ప్రతి ఒక్కరి మీద. సబ్బు కొన్నా పన్ను కడుతున్న మనందరి మీద.

లండన్‌లో వేసిన లెక్క

ఈ పద్దును గట్టిగా రాసుకున్న దేశాల్లో ఇంగ్లండ్ ముందుంటుంది. 2004లోనే సిల్వియా వాల్బీ అనే సామాజిక శాస్త్రవేత్త, ఇంగ్లండ్, వేల్స్‌లలో గృహహింస ఖరీదు ఏడాదికి దాదాపు 2,300 కోట్ల పౌండ్లని లెక్కగట్టి చూపించారు. ఆ తర్వాత అక్కడి హోం శాఖే పూనుకుంది. 2017 మార్చితో ముగిసిన ఏడాదికి గృహహింస వల్ల కలిగిన నష్టం 6,600 కోట్ల పౌండ్లని 2019లో నివేదిక వెలువరించింది. ఆనాటి మారకం రేటున అది రమారమి ఆరు లక్షల కోట్ల రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాల 2025-26 బడ్జెట్లు కలిపితే వచ్చే మొత్తానికి దగ్గర.

ఆ మొత్తంలో ఏ ముక్క ఎంతో చూస్తే ఇంకా తెలుస్తుంది. పోలీసుల ఖర్చు 130 కోట్ల పౌండ్లు. వైద్యానికి 230 కోట్లు. ఉద్యోగానికి రాలేక, వచ్చినా పని మీద మనసు నిలవక పోయిన ఉత్పత్తి 1,400 కోట్లు. అన్నిటికన్నా పెద్దది, 4,700 కోట్ల పౌండ్లు, ఆ మనుషులు పడ్డ శారీరక, మానసిక బాధకు కట్టిన వెల. భయంలో గడిచిన రోజుకు ప్రభుత్వం ఒక అంకె వేసింది. ఆ అంకె సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. సున్నా మాత్రం కాదని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది, నాకు అది ముఖ్యం.

అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం, భాగస్వామి చేతి హింస వల్ల అక్కడి మహిళలు ఏడాదికి దాదాపు 80 లక్షల జీతపు పనిదినాలు పోగొట్టుకున్నారు. 32 వేల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం. ఒక పట్టణానికి పట్టణం ఏడాది పొడుగునా పని మానేసినట్టు.

ఇవన్నీ ధనిక దేశాల ముచ్చట్లు, వాళ్ళకు లెక్కలు రాసే తీరికుంది అంటారా? వియత్నాం చూడండి. 2012లో ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం అక్కడ చేయించిన అధ్యయనంలో, భర్త చేతిలో హింస పడుతున్న మహిళల సంపాదన, అలాంటి హింస ఎరగని మహిళల కన్నా 35 శాతం తక్కువని తేలింది. మందులూ మాకులకు చేతినుంచి పెట్టిన ఖర్చు, పోయిన కూలి కలిపితేనే ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తిలో 1.41 శాతం. మొత్తం ప్రపంచానికి ఈ నష్టం ఉత్పత్తిలో రెండు శాతం, అంటే లక్షన్నర కోట్ల డాలర్లు ఉండొచ్చని 2016లో అదే సంస్థకు చెందిన లక్ష్మీ పురీ అన్నారు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. స్థూల దేశీయోత్పత్తిని లెక్కించే పద్ధతిలో, ఆమెకు కట్టు కట్టిన నర్సింగ్ హోం బిల్లు దేశ ఆదాయం కింద జమ అవుతుంది. లాయరు ఫీజు జమ అవుతుంది. స్టేషను జీపులో పోసిన పెట్రోలూ జమే. విరిగిన చేత్తో ఆమె చెయ్యలేకపోయిన వంట, తోడలేకపోయిన నీళ్ళు, చూసుకోలేకపోయిన పసిబిడ్డ మాత్రం ఏ ఖాతాలోనూ కనిపించవు, ఎందుకంటే అవి చేసినప్పుడే లెక్కలో లేవు. 2024 నాటి కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో ఉన్న ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటల పనిని దేశం సున్నా అంటోంది. ఆ ఐదు గంటలు ఆగిపోయిన రోజున నష్టం కూడా సున్నాయే అని తేలుస్తోంది. అందువల్ల పైన చెప్పిన ఏ అంకె అయినా అసలు నష్టం కన్నా తక్కువే.

దూబగుంట పద్దు

ఇలాంటి లెక్క మనవాళ్ళకు తెలియదనుకుంటే పొరపాటు. అర్థశాస్త్రవేత్తల కన్నా ముందే మన పల్లె ఆడవాళ్ళు ఈ లెక్క వేసి చూపించారు, అదీ అప్పుడప్పుడే అక్షరాలు దిద్దిన చేతులతో.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట. 1990వ దశకం మొదట్లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం సాగుతున్న రోజులు. సాయంత్రం పూట లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పలక మీద అక్షరాలు దిద్దుతూనే తమ ఇళ్ళలో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పటిదాకా గుట్టుగా ఉన్నది రట్టయింది. ఎవరింట్లో చూసినా ఒకటే సంగతి. మగాడి కూలి సారా కొట్టుకు పోతోంది, ఆడమనిషి కూలితో ఇల్లు నడుస్తోంది, అదీ ఇమ్మని రాత్రి తన్నులు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. ఊరి ఆడవాళ్ళు సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు, కొట్టు మూయించారు. 1992లో దూబగుంట కథ పాఠమై మిగతా ఊళ్ళకు చేరింది, జిల్లాలో సారా పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఎత్తేయడానికి చెప్పిన కారణం ఖజానాకు ఆదాయం పోతోందని. అక్కడే రెండు పద్దులు ఎదురుబొదురు నిలబడ్డాయి. ఎక్సైజు శాఖ పద్దులో సారా ప్యాకెట్ ఒక రాబడి. దూబగుంట ఆడవాళ్ళ పద్దులో అదే ప్యాకెట్ పోయిన కూలి, పగిలిన తల, పస్తున్న పిల్లలు, అమ్ముడుపోయిన మేక. మొదటి పద్దును అసెంబ్లీలో చదువుతారు. రెండోదాన్ని చదివే చోటు ఇప్పటికీ లేదు. ఏ రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలోనైనా మద్యం రాబడి ఏ పేజీలో ఉందో ఇట్టే దొరుకుతుంది. దానికెదురుగా ఖర్చు పేజీలో, ఆ తాగుడుతో ఇళ్ళలో జరిగిన విధ్వంసం పేరిట ఒక వరుస అయినా కనిపించదు.

తాగుడే కారణమని నేననడం లేదు. తాగని చేతులూ కొడతాయి, చదువుకున్న చేతులూ కొడతాయి. కానీ భర్త తరచూ తాగివచ్చే ఇళ్ళలో హింస, అసలు తాగని ఇళ్ళ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని కుటుంబ ఆరోగ్య సర్వేలు విడత విడతకూ చెబుతున్నాయి. మద్యం దుకాణాల మీద ఆశలు పెట్టుకుని బడ్జెట్ రాసే ఏ ప్రభుత్వమైనా ఆ రాబడి కింద రెండో పద్దు కూడా అచ్చువేయాలి. అప్పుడు నికరంగా మిగిలిందెంతో అందరం చూస్తాం.

పేరు ఆమెది, పెత్తనం ఎవరిది?

సంపాదన ఉంటే దెబ్బలు ఆగుతాయని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని. కుటుంబ ఆరోగ్య సర్వే ఆ నమ్మకాన్ని నిలవనివ్వదు. పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఇంట్లో ఉండేవాళ్ళ కన్నా ఎక్కువ హింసనే చెప్పారు. పేదరికం ఎక్కువున్న ఇళ్ళ ఆడవాళ్ళే ఎక్కువగా పనికి పోవడం ఒక కారణం కావచ్చు, నాలుగు రూపాయలు తెచ్చే భార్య మాట పెరుగుతుందన్న భయం ఇంకో కారణం కావచ్చు.

మరి ఏది ఆపుతుంది? తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ ఐదువందల మంది మహిళలతో మాట్లాడి 2005లో అచ్చువేసిన అధ్యయనం దీనికి తిన్నగా జవాబు చెబుతుంది. ఏ ఆస్తీ లేని మహిళల్లో 49 శాతం భర్త దెబ్బలు తిన్నారు. భూమి ఉన్నవాళ్ళలో 18 శాతం. ఇల్లు ఉన్నవాళ్ళలో 10 శాతం. రెండూ ఉన్నవాళ్ళలో 7 శాతం. కూలి చేతికొచ్చిన సాయంత్రమే అయిపోతుంది. ఇల్లు అలా కాదు. 'పో బయటికి' అనే మాటకు అది అడ్డుపడుతుంది. నేను వెళ్ళిపోతే నాకొక చోటుంది అని ఆమెకు తెలియడం, ఆ సంగతి అతనికీ తెలియడం, చెయ్యి లేవకముందే పనిచేస్తుంది.

ఈ విషయంలో తెలుగునేల గర్వపడే పని ఒకటి చేసింది. ఆడపిల్లకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1986లోనే ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశం మొత్తానికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇందిరమ్మ ఇళ్ళ నుంచి నవరత్నాల ఇళ్ళస్థలాల దాకా పట్టాలు ఆడవాళ్ళ పేరిటే ఇచ్చారు. మంచిదే. అయితే పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన ఎకరం, అల్లుడి వ్యాపారం కోసం వేలిముద్రతో అమ్ముడుపోయిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అన్నదమ్ములతో పేచీ ఎందుకని వాటా వదులుకుంటూ సంతకం పెట్టిన అక్కచెల్లెళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ సంతకం పెట్టించే అన్నదమ్ములకు ఒక మాట. రేపు మీ చెల్లెలు మొహం వాచి మీ గుమ్మంలోకి వస్తే 'సర్దుకుపోమ్మా' అంటారు చూడండి, ఆ మాట మీరు సంతకం పెట్టించిన రోజే అనేశారు.

దెబ్బ పడకుండానే జరిగే దోపిడీ వేరే ఉంది. ఆమె ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. ఆమె పేరిట తెచ్చిన సంఘం అప్పుతో ఆయన బండి కొంటాడు. పుస్తెలతాడు తాకట్టు కొట్లో ఉంటుంది. పరీక్ష రాయనివ్వరు, ఇంటర్వ్యూకి పోనివ్వరు. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం దీనికి ఆర్థిక హింస అని పేరు పెట్టి, కొట్టడంతో సమానంగా నిలబెట్టింది. ఆ చట్టంలో 20వ సెక్షన్‌ను నేనొక ఖాతా పుస్తకంలా చదువుతాను. పోయిన సంపాదన, వైద్యం ఖర్చు, ధ్వంసమైన ఆస్తి, తనకూ పిల్లలకూ మనోవర్తి, ఇవన్నీ లెక్కగట్టి ఇప్పించమని మేజిస్ట్రేటును అడగొచ్చు. 22వ సెక్షన్ కింద మానసిక క్షోభకు పరిహారం వేరే. మొదటి విచారణ జరిగిన నాటినుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా చట్టం చెబుతుంది. కోర్టు వరండాలో ఒక పూట కూర్చుంటే ఆ అరవై రోజులు ఎన్ని వాయిదాలుగా సాగుతున్నాయో తెలుస్తుంది. ప్రతి వాయిదాకూ ఒకరోజు కూలి, రానూపోనూ బస్సు ఛార్జి, చంటిబిడ్డకు పాలు. న్యాయం అడగడానికి వచ్చిన మనిషి దగ్గర ముందు మనమే వసూలు చేస్తున్నాం.

ఈ చట్టాలను అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు డబ్బు గుంజుతున్నారనే వాదన ఈమధ్య గట్టిగా వినపడుతోంది. తప్పుడు కేసులు లేవని నేననను, వాటిని కోర్టులు కొట్టేస్తూనే ఉన్నాయి. కానీ మరో అంకె పక్కన పెట్టి చూడండి. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఆ సంగతి ఎవరికీ, కన్నతల్లికి కూడా చెప్పలేదు, ఎవరి సాయమూ అడగలేదు. సాయం అడిగినవాళ్ళు 14 శాతం. 2022లో దేశంలో భర్త, అత్తింటివారి క్రూరత్వం కింద నమోదైన కేసులు లక్షా నలభై వేలు. చెప్పుకోనివాళ్ళ సంఖ్య కోట్లలో ఉంటుంది. మన గొడవంతా ఆ లక్షా నలభై వేల మీద.

ఎందుకు చెప్పుకోరు? అదే సర్వేలో ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టొచ్చా అని అడిగారు. చెప్పకుండా బయటికి పోతే, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, కూర బాగా వండకపోతే, అత్తమామలను గౌరవించకపోతే... ఇలా. తెలంగాణ, ఆంధ్ర రెండు చోట్లా నూటికి 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి కొట్టొచ్చనే అన్నారు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మనమే. ఈ అంకె రాస్తుంటే నాకు చెయ్యాడలేదు. అమ్మ తన్నులు తినడం చూసి పెరిగిన కూతురికి రేపు తన ఇంట్లో అదే జరిగే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువని కూడా ఆ సర్వేలే చెబుతున్నాయి. ఇది అసలు తీర్చకుండా తరం నుంచి తరానికి తిరగరాసుకుంటున్న అప్పు.

ఆఫీసు గుమ్మం దగ్గర

పొలంలో ముఠా కథ ఎలాంటిదో హైదరాబాద్ హైటెక్ సిటీలో ల్యాప్‌టాప్ కథా అలాంటిదే. ఉదయం మీటింగులో కెమెరా ఆపేసుకున్న అమ్మాయి, నెలలో మూడోసారి 'వైరల్ ఫీవర్' అని సెలవు పెట్టిన అమ్మాయి, ప్రమోషను వచ్చినా నైట్ షిఫ్టు కుదరదని వదులుకున్న అమ్మాయి. టీము పని టీము మీదే పడుతుంది. మేనేజరు రేటింగు తగ్గిస్తాడు. ఏడాది తిరిగేలోగా ఆమె ఉద్యోగం మానేస్తుంది, కొత్త మనిషిని వెతికి నేర్పించడానికి సంస్థకు మళ్ళీ ఖర్చు.

ఫిలిప్పీన్స్ ఈ సంగతి 2004లోనే గ్రహించింది. హింసకు గురైన ఉద్యోగినికి పది రోజుల వరకు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం చేసింది. న్యూజిలాండ్‌లో 2019 ఏప్రిల్ నుంచి, ఆస్ట్రేలియాలో 2023 నుంచి అలాంటి పది రోజులే ఉన్నాయి. ఇల్లు మారడానికి, పోలీసు స్టేషనుకు వెళ్ళడానికి, పిల్లల బడి మార్చడానికి ఆ పది రోజులు. మన కేంద్ర కార్మిక చట్టాల్లో అలాంటి సెలవు లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సొంత ఉద్యోగినులతో దీన్ని మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సముద్రం దాటిన ఆడపడుచుల సంగతి ఇంకా కష్టం. హెచ్‌-4 వీసా మీద అమెరికా వెళ్ళిన భార్యకు ఉద్యోగం చేసే అనుమతి అందరికీ ఉండదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశకు చేరితేనే అది వస్తుంది. ఇంజినీరింగ్ పట్టా పెట్టెలో ఉంటుంది, వీసా అతని చేతిలో ఉంటుంది, కారు తాళం అతని జేబులో ఉంటుంది. హింసకు గురైన అలాంటి భార్యలు విడిగా పని అనుమతి కోరుకునే వీలు అక్కడి చట్టంలో ఉందని చాలామందికి తెలియదు. న్యూజెర్సీలో 1985లో మొదలైన 'మానవి' వంటి దక్షిణాసియా మహిళల సంస్థలు దారి చూపిస్తాయి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ప్యాకేజీ ఎంతని అడిగే తల్లిదండ్రులు, అమ్మాయి సూట్‌కేసులో ఈ సమాచారం కూడా ఒక కాగితం మీద రాసి పెట్టి పంపాలి.

ఏం చేస్తే ఖర్చు తగ్గుతుందో చూపించిన చోట్లు మన దేశంలోనూ ఉన్నాయి. ముంబై బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో పాతికేళ్ళ కిందట 'దిలాసా' అనే కేంద్రం పెట్టారు. జారిపడ్డానని వచ్చిన మహిళను నర్సు పక్కకు తీసుకెళ్ళి నెమ్మదిగా, ఏకాంతంగా అడుగుతుంది. అంతే. అడగడమే అక్కడ మొదటి వైద్యం. మన ప్రతి ఏరియా ఆసుపత్రిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సుకు ఈ శిక్షణ ఇవ్వడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. జిల్లాల్లో సఖి కేంద్రాలు 2015 నుంచి వస్తున్నాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, నాలుగు రోజులు తలదాచుకునే చోటు ఒక్క కప్పు కింద ఇవ్వాలన్నది వాటి ఉద్దేశం. మీ జిల్లా సఖి కేంద్రం ఎక్కడుందో మీకు తెలుసా? ఈ వారం కనుక్కోండి. మీ పనిమనిషికి చెప్పండి, మీ అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద అంటించండి, మీ ఆఫీసు ఆడవాళ్ళ వాష్‌రూమ్ తలుపు వెనక అంటించండి.

ఇంకొకటి. పక్కింటి గొడవలో తలదూరిస్తే కేసు మన మెడకు చుట్టుకుంటుందనే భయంతోనే చాలామందిమి రేడియో గొంతు, టీవీ గొంతు పెంచుతుంటాం. మా అమ్మ రోజుల్లో ఆ భయానికి జవాబు లేదు. ఇప్పుడుంది. గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఒక ఇంట్లో హింస జరిగిందనో, జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి ఆ సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. రాత్రీ పగలూ పలుకుతుంది.